తెలుస్తోందా?

కోజిన్ రేవు మీద పొద్దు ఇంకా సరిగా పొడవలేదు. పొయ్యి మీద ఎండుచేపల పులుసు కుతకుతలాడుతోంది. మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది మల్‌సూన్. మొగుడి ఎడమ పాదం ఒళ్ళోకి లాక్కుని బొటనవేలు గట్టిగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అన్నాడు చున్‌బే, టీవీలో వాతావరణ వార్తల మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆ ఇంట్లో తెల్లవారేది ఈ మాటతోనే. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బోరం ఊహ తెలిసినప్పటి నుంచీ వింటోంది. ఇవాళ మాత్రం ఆ మాట చెవిన పడగానే బల్ల కింద తన ఎడమ చేతి చిటికెన వేలు తానే గిల్లుకుంది. తెలుస్తోందా అని తనని తానే అడిగింది. తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది. ఇంకా గట్టిగా గిల్లింది.

చున్‌బే ఒకప్పుడు ఇత్తడి టోపీ తగిలించుకుని, పడవ మీంచి గొట్టంలో వచ్చే గాలి పీలుస్తూ, సముద్రం అడుగున ఆల్చిప్పలు ఏరేవాడు. లోతు నుంచి గబుక్కున పైకొస్తే నెత్తురులో గాలి బుడగలు కడతాయి. రేవులో దాన్ని మునుగు జబ్బు అంటారు. బోరం పుట్టిన ఏడాదే అది ఆయన ఎడమ కాలిని తినేసింది. అప్పట్లో నాన్న నీళ్ళ కింద ఏం చూశాడో తనూ చూడాలన్న కోరికతో, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే, ఈ ఏడు బోరం వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో చెబితే కాళ్ళు విరగ్గొడతారని చెప్పలేదు. ఆఖరిసారి అద్దాల్లోకి నీళ్ళు రావడంతో హడలిపోయి, నేర్పేవాడు పట్టుకునేలోపే పైకి వచ్చేసింది. ఆ సాయంత్రమే వేలు తిమ్మిరెక్కింది.

డాక్టరు అన్నీ చూసి, మీరు దిగింది రెండు నిలువుల లోతు కూడా లేదు, నరాలు నిక్షేపంగా ఉన్నాయి, భయమే మీ జబ్బు అన్నాడు. ఇంకో డాక్టరూ అదే అన్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. తిమ్మిరి వేలి నుంచి మోచేతికి పాకింది, అక్కడి నుంచి నిద్రలోకి పాకింది. నాన్న కాలు కూడా ముందు తిమ్మిరితోనే మొదలైందట కదా. ఆ ఒక్క మాట ఆమె బుర్రలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

"అన్నం ముందు పెట్టుకుని ఆ దిక్కులు చూడ్డమేంటే? వారం నించీ ఇదే వరస" అంది మల్‌సూన్. "అరగలేదేమో. చేతి బొటనవేలికి దారం కట్టి సూదితో ఒక్క పోటు పొడిస్తే నల్ల నెత్తురంతా పోతుంది. రా."

"నీకు అన్నీ అజీర్తి జబ్బులే అమ్మా. ఇంటి పైకప్పు కారినా సూదే తెస్తావు."

"తెస్తా మరి. నా సూదికి భయపడే ఇంతదానివయ్యావు."

బోరం నవ్వలేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది. అద్దెకి తెచ్చిన సిలిండరు రాత్రే కారులో పెట్టేసింది. నీళ్ళలో మునగడానికి బరువు కోసం నడుముకి కట్టుకునే సీసం బిళ్ళల బెల్టు ఒక్కటే వలల కింద మిగిలింది. అది భుజాన వేసుకుని తిరిగేసరికి తండ్రి గుమ్మంలో కర్ర ఊతతో నిలబడి ఉన్నాడు.

ఆ బెల్టేమిటో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

బోరం దాచలేదు. నిలబడ్డ చోటే మొత్తం కక్కేసింది. వేలు, తిమ్మిరి, డాక్టర్లు, నిద్ర లేని రాత్రులు. "ఎవరూ నమ్మడం లేదు నాన్నా. నీ కాలే నాకూ వస్తోంది. నీతో మునిగేవాళ్ళందరూ అనేవారుగా, నీటి జబ్బుకి నీళ్ళే మందని. మళ్ళీ లోతుకి దిగి నెమ్మదిగా పైకొస్తే బుడగలు కరుగుతాయని. నేను దిగుతాను."

"ఒక్కదానివా? ఈ గాలిలో?"

"ఇంకెవరొస్తారు? అందరూ నన్ను పిచ్చిదాన్నంటున్నారు."

చున్‌బే గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు. చచ్చిన కాలు గడప మీద చాపాడు.

"ఆ మందు నేనూ తాగాను తల్లీ. నా తిమ్మిరి తిమ్మిరిగానే ఉంటే కర్ర పట్టుకుని తిరిగేవాణ్ణి కాదు. మళ్ళీ దిగాకే కాలు పోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. వెళ్ళాలంటే నన్ను తొక్కి వెళ్ళు."

"లే నాన్నా."

"లేవను."

"లేవకపోతే నేను చచ్చిపోతాను, నీకు అర్థం కాదేం?" ఏడుస్తూ పక్కనించి దూరబోయింది. ఆయన బెల్టు కొస పట్టుకున్నాడు. ఆమె లాగింది. బెల్టు భుజం మీంచి జారి, సీసం బిళ్ళలన్నీ ఊడి ధడాలున గడప మీద పడ్డాయి. ఆపబోయిన ఆమె ఎడమ చెయ్యి కింద ఇరుక్కుంది.

"అమ్మా, నా వేలు" అని కెవ్వుమంది బోరం. నొప్పి చిటికెన వేలి నుంచి భుజం దాకా పాకింది. చెయ్యి లాక్కుని ఒళ్ళో దాచుకుంది.

"చూడు, నొప్పెట్టింది కదా. చచ్చిన వేలైతే నొప్పెడుతుందా? బతికే ఉంది తల్లీ, నీ వేలు బతికే ఉంది" అంటున్నాడు చున్‌బే, ముఖం వెలిగిపోతూ. ఆ మాటలే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

బోరం ఆయన ముఖం చూడటం లేదు. ఇంకో రెండు సీసం బిళ్ళలు ఆయన పాదం మీద పడి ఉన్నాయి. తెల్ల మేజోడు బొటనవేలి దగ్గర ఎర్రబడుతోంది. ఎరుపు పెరుగుతోంది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నాన్నా, నీ కాలు."

ఆయన కిందికి చూశాడు. భార్య వెనకే ఉందని గ్రహించాడు కాబోలు, నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "తెలుస్తోంది. ఏం కాలేదు."

మల్‌సూన్ వచ్చి కింద కూర్చుంది. బిళ్ళలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. మేజోడు విప్పింది. గోరు ఊడి వేలాడుతోంది. వేడినీళ్ళు తెచ్చి కడిగింది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"మొదటి ఏడే తెలుసు. సలసల కాగే నీళ్ళలో కాలు పెట్టించినా ఉలిక్కిపడకుండా తెలుస్తోందన్నాడు."

"మరి రోజూ ఎందుకడుగుతావు?"

"అడగడం మానేస్తే, నా పెళ్ళాం ఆశ వదిలేసింది అనుకుంటాడుగా."

చున్‌బే తల తిప్పుకున్నాడు. "తెలియడం లేదంటే మీ అమ్మ ఏడుస్తుందని" అన్నాడు.

బోరం తండ్రి పాదాన్ని రెండు చేతులా పట్టుకుని భోరుమంది. తను ఒళ్ళంతా తడుముకుంటూ లేని చావుని వెతుక్కుంది. ఈయన ఉన్న చావుని దాచుకుంటూ, రోజూ పొద్దున్నే నవ్వుతూ అన్నం తిన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఆ బెల్టు మళ్ళీ ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున పులుసు ఉడుకుతోంది. బోరం వేలు కట్టు కింద సలుపుతోంది. తిమ్మిరి కూడా పోలేదు, భయమూ పూర్తిగా పోలేదు. మల్‌సూన్ వచ్చి కూర్చుని, కట్టు కట్టిన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని మడమ నొక్కింది.

"తెలుస్తోందా?"

చున్‌బే టీవీ కట్టేశాడు. భార్య వైపు తిరిగాడు.

"లేదు, బోరం వాళ్ళమ్మా."

"సరే" అంది మల్‌సూన్. నొక్కడం మాత్రం ఆపలేదు. కళ్ళలోంచి నీళ్ళు ఆ పాదం మీద పడ్డాయి. అవీ ఆయనకి తెలియలేదు.

ఆయన చెయ్యి చాచి కూతురి కట్టు కట్టిన వేలు మెల్లగా నొక్కాడు.

"నీకో?"

"తెలుస్తోంది నాన్నా" అంది బోరం. "చాలా నొప్పిగా ఉంది."