చల్లబిళ్ళ, ఏడు పందేలు

డాక్టర్ హైమవతి నా కుడి చెవి వెనక అర్ధరూపాయంత బిళ్ళ ఒకటి అంటించి, "ఏమైనా తెలుస్తోందా నాయుడుగారూ?" అంది.

"చల్లగా ఉంది."

"అంతేనా?"

"అంతే."

"అయితే పనిచేస్తోంది" అని గడియారం చూసి రాసుకుంది. 2064 జనవరి, ఆఖరి ఆదివారం, పొద్దున్న ఆరుంబావు. భీమిలి దగ్గర సముద్రాన్ని అరమైలు వెనక్కి నెట్టి కట్టిన ఇసుక రేస్ కోర్సులో ఆవాళ పరిగెత్తబోయే గుర్రాలు మా ముందు ఒళ్ళు వేడెక్కించుకుంటున్నాయి.

ముందు నేనెవరో చెప్పాలి. అంచనాల జోగినాయుడంటే తెలీని గుర్రం ఈ తీరంలో లేదు. గుర్రం తుమ్మితే దాని ముత్తాత పేరు చెప్పేవాణ్ణి. ఒకసారి కళ్ళకి గంతలు కట్టుకుని, గిట్టల చప్పుడు బట్టి పదకొండు గుర్రాల్ని పేరుపేరునా చెప్పాను. పన్నెండోది ఆ రోజు రాలేదు. రాలేదని కూడా నేనే చెప్పాను. ఆ దెబ్బకి గవర్నరుగారు లేచి తన కుర్చీ నాకిచ్చారు. నేను కూర్చోలేదు, అది వేరే సంగతి.

నాకీ గిరాకీ రావడానికి కారణం కంప్యూటర్లే. అవి అంచనాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఊరంతా ఒకే గుర్రం మీద కాసేది. అదే గెలిచేది. అందరూ గెలిస్తే ఎవరికీ ఏమీ మిగలదు గనక స్టాండ్లు ఖాళీ అయిపోయాయి. చివరికి కంప్యూటర్ అంచనాల్ని నిషేధించి, మనిషి కంటితో చూసి చెప్పిందే చెల్లుతుందన్నారు. మనిషి కన్నంటే నా కన్నే కదా.

హైమవతికి పందేలతో పనిలేదు. ఆవిడ ఆ బిళ్ళని ఆపరేషన్లు చేసే డాక్టర్ల కోసం, తీర్పులు చెప్పే జడ్జీల కోసం తయారుచేసింది. ముందుగా, పొద్దున్న చెప్పింది సాయంత్రంలోగా తప్పో ఒప్పో తేలిపోయే పని మీద పరీక్షించాలి. అందుకని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"మనం దేన్నైనా చూసేటప్పుడు మెదడు రెండు పనులు చేస్తుంది" అని విడమరిచి చెప్పింది. "ఉన్నది చూస్తుంది. కావాలనుకున్నది దాని మీద పులుముతుంది. కన్నకొడుకు పరీక్ష పేపరు తల్లి దిద్దితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ బిళ్ళ, పులిమే భాగానికి చిన్న ఎదురు సిగ్నల్ పంపుతుంది. రేడియోలో గరగర తీసేసినట్టు. పాట మాత్రం అలాగే ఉంటుంది."

"అంటే ఆశ తీసేస్తుందన్నమాట."

"చూపులోంచి మాత్రమే" అంది. ఎంత గట్టిగా అందంటే, ఆవిడే గుర్రమైతే ఉన్నదంతా ఆవిడ మీదే కాసేవాణ్ణి.

ఇక్కడ పైడిరాజు గురించి చెప్పాలి. జాకీ. ముప్పై ఎనిమిదేళ్ళు. నేను చెయ్యి పట్టుకుని మొదటి గుర్రం ఎక్కించినవాడు. ఈ సీజనుతో స్వారీ మానేసి కుర్రాళ్ళకి నేర్పుదామనుకుంటున్నాడు. పందెం రోజు జాకీ, అంచనాలు చెప్పేవాడు మాట్లాడుకుంటే ఇద్దరి లైసెన్సూ పోతుంది. కాబట్టి మాకు నా పత్రమే నోరు. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర బోర్డు మీద పెడతాను, పందేనికి మూడేసి పేర్లు. పైడిరాజు ఎక్కే గుర్రం నాకు నిజంగా నచ్చితే దాని పేరు మాత్రం రాయను. రాస్తే జనం ఎగబడతారు, మనవాళ్ళకి మిగిలేదేమీ ఉండదు. పేరు లేకపోవడమే, గుర్రం బాగుందని వాడికి నా తాంబూలం. ఇరవై ఏళ్ళుగా అంతే.

శనివారం మధ్యాహ్నం వాడు మా ఇంటికొచ్చాడు.

"బాబాయ్, రేపు ఏడో పందెంలో నురగ మీద ఎక్కుతన్నాను. దాని ఎడం ముందుకాలు ఏటో తేడాగా ఉంది. డాక్టరు స్కానింగు సూసి బాగుందంటన్నాడు. స్కానింగు నిలబడ్డ గుర్రాన్ని సూస్తది. పరిగెట్టే గుర్రాన్ని నువ్వు కదా సూసేది."

"సరే, ఏం చెయ్యమంటావు?"

"కాలు తేడాగా కనబడితే పేరు రాసెయ్యి. ఎన్నో వరసలో రాసినా సరే. పదకొండులోగా పందెంలోంచి దిగిపోతాను, అంతవరకూ ఎందుకని ఎవుడూ అడగడు. బాగుంటే ఎప్పట్లాగే వదిలెయ్యి."

"నా కన్ను తప్పి నువ్వు పడాలంటే ఆ సముద్రం మళ్ళీ ఇటు రావాల్రా!"

"దాన్ని మనమే కదా అటు తోసేశాం బాబాయ్, పౌరుషానికొచ్చినా రావచ్చు" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్న బిళ్ళ పెట్టుకుని చూస్తే ఏం కనిపించిందో వినండి. 'రెండో పెళ్ళి' అనే గుర్రం నడకలో నాకెప్పుడూ మహారాజు కనిపించేవాడు. ఆవాళ పొట్ట కనిపించింది. 'కలెక్టర్ దొర' ముసలిదని అందరూ వదిలేశారు, కానీ దాని ఊపిరి గోడగడియారంలా సమంగా ఉంది. మొదటి పందెం దానిది. 'జీడిపప్పు' ముందు బద్ధకిస్తుంది, ఆఖరి రెండు వందల గజాల్లో లేస్తుంది. మూడోది దానిది. ఎక్కడా పొగ లేదు, మంచు లేదు. అద్దం తుడిచి నా చేతికిచ్చినట్టుంది.

నురగ వచ్చింది. తెల్లటి ఆడగుర్రం. ఎడం ముందుకాలు బొటనవేలంత ముందుగా దించుతోంది, ఎండకి కాలిన ఇసుక మీద నడిచేవాళ్ళలాగ. ఆఖరి మలుపులో బరువంతా దాని మీదే పడుతుంది. ఆ కాలు బరువుకి ఆగదు. అది కూడా అంతే స్పష్టంగా కనిపించింది.

పత్రం రాశాను. ఏడో పందెం దగ్గరికొచ్చాను. మొదటి మూడు స్థానాల్లో నురగ రాదు. రాని గుర్రం పేరెందుకు రాస్తారు? వచ్చే మూడు పేర్లూ రాశాను. ఒప్పందం మర్చిపోలేదు. పక్క ఊరి పిన్‌కోడు గుర్తున్నట్టు గుర్తుంది.

తొమ్మిదిన్నరకి పత్రం బోర్డెక్కింది. జాకీల గదిలోంచి పైడిరాజు వచ్చి, జనం మధ్య నిలబడి, వేలు పెట్టి ఏడో పందెం చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. నా వైపు చూడకుండానే టోపీ అంచు ముట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. పదకొండుకి ఇంకా గంటన్నర ఉంది.

"ఇబ్బందిగా ఏమైనా ఉందా?" అని హైమవతి అడిగింది.

"లేదు."

"సంతోషంగా?"

"అదీ లేదు."

రాసుకుంది.

మొదటి పందెం కలెక్టర్ దొర గెలిచింది. రెండోది నేను చెప్పిందే. మూడోది జీడిపప్పు. నాలుగు, ఐదు, ఆరు కూడా, మూడేసి పేర్లూ రాసిన వరసలోనే. జనం నా చుట్టూ చేరారు. ఒకాయన నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మామూలుగా అయితే ఆ దణ్ణాన్ని నేనొక ఏడాది చెప్పుకునేవాణ్ణి.

ఏడో పందెం మొదలైనప్పుడు నేను వేరుశనక్కాయలు తింటున్నాను. మలుపులో నురగ ఎడంకాలు దించింది, అది ఆగలేదు. గుర్రం ముందుకి మడతపడింది. పైడిరాజు రెయిలింగు మీద పడ్డాడు. నోట్లో ఉన్న పప్పు నమిలి మింగాను. ముగ్గురు విజేతలూ నేను రాసిన వరసలోనే గీత దాటారు.

"ఏడుకి ఏడు!" అని అరుస్తూ జనం నన్ను భుజాల మీదికెత్తారు. పైనుంచి మలుపు బాగా కనిపిస్తోంది. ఇసుక మీద తెల్లగుర్రం ఉంది. అంబులెన్సు వస్తోంది. ఎంత సేపట్లో చేరుతుందో లెక్కేశాను. అది కూడా సరిగ్గా చెప్పాను.

సాయంత్రం హైమవతి బిళ్ళ తీసింది. పది నిమిషాలు ఏమీ లేదు. పదకొండో నిమిషంలో ఆవిడ గదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఆ తరవాతిది చెప్పను.

జరిగిందంతా విని ఆవిడ పొద్దున్న రాసుకున్న కాగితం మళ్ళీ చదువుకుంది. "ఆశా భయమూ ఒకే తీగ మీద నడుస్తాయి కాబోలు. ఒకటి తీస్తే రెండోదీ పోయింది. నాకు తెలీదు నాయుడుగారూ" అంది.

మర్నాడు పొద్దున్న ఆస్పత్రికెళ్ళాను. పైడిరాజు మెలకువగానే ఉన్నాడు.

"నడుం కింద ఏటీ తెలీటం లేదు బాబాయ్. మొద్దుబారిపోనాది. నురగో?"

"లేదురా."

"నీ పత్రంలో దాని పేరు లేదు. రెండుసార్లు సూసుకున్నాను. నీకు కాలు బాగానే కనబడిందా బాబాయ్?"

నలభై రెండేళ్ళలో ఎన్ని గొప్పలు చెప్పానో నాకే లెక్కలేదు. ఒక్క మాట మాత్రం ఎవరిదగ్గరా అనలేదు. ఏడుకి ఏడు సరిగ్గా చెప్పిన మర్నాడు అన్నాను.

"తేడా కనపళ్ళేదురా. నా కన్ను తప్పింది."

వాడు నా చెయ్యి తట్టాడు. "పోన్లే బాబాయ్. ఎప్పుడో ఒకసారి తప్పకుండా ఉంటదా. నువ్వు దీనికి బెంగెట్టుకోకు" అన్నాడు. నడుం విరిగినవాడు నన్ను ఓదార్చాడు.

ఇదంతా మూడేళ్ళ కిందటి మాట. బిళ్ళని ఒక కంపెనీ కొనుక్కుంది. జనం చల్లబిళ్ళ అంటున్నారు. పందేలవాళ్ళు మొదట ఎగబడి పెట్టుకున్నారు. పెట్టుకున్నాక గెలిచే గుర్రం కనిపించేది గానీ కాయాలనిపించేది కాదు. ఆర్నెల్లలో రేస్ కోర్సు మూతపడింది. నెట్టిన సముద్రం మెల్లగా ఇసుక మీదికి వస్తోంది.

బిళ్ళల కోసం వరస మాత్రం తగ్గలేదు. ఆ వరసలో గెలిచేవాణ్ణి కనుక్కోవాలనుకునేవాడు ఒక్కడూ ఉండడు. ఒకరోజు నన్నక్కడ చూసి హైమవతి ఆగిపోయింది.

"మీరా? ఇప్పుడు పందేలు లేవు కదా."

"పందేనికి కాదమ్మా. ఆదివారం ఆదివారం పైడిరాజు దగ్గరికి వెళ్ళాలి."

ఆవిడే తీసుకొచ్చి అంటించింది.

వాడికి నా పాత పందేల కథలు కావాలి. కుర్చీ బండి పక్కన కూర్చుని చెబుతాను. గంతలు కట్టుకుని పదకొండు గుర్రాల్ని చెప్పిన కథ, గవర్నరుగారి కుర్చీ కథ. గొప్పలు చెప్పడం మాత్రం ఈ బిళ్ళతో పోలేదు. అది ఆశ కాదు, అలవాటు. "పన్నెండోది రాలేదని కూడా నువ్వే సెప్పావు బాబాయ్!" అని వాడు పగలబడి నవ్వుతాడు. వాడు నవ్వినప్పుడల్లా నాకు చెవి వెనక చల్లగా ఉంటుంది.

అంతే.