కట్టు కట్టిన కుడిచెయ్యి

"దేశమంతా దండం పెడుతున్న వీరుడు సార్! అతని మీద నిఘా ఏంటి?" అన్నాడు ఏజెంట్.

"దండం పెడుతున్నారు కాబట్టే," అన్నాడు చీఫ్. "రైల్లో బాంబును ఒట్టి చేత్తో పట్టుకుని బయటికి విసిరేశాడు. కుడి అరచెయ్యి కాలింది. నెల్లాళ్ళుగా పేపర్ల నిండా వాడే. కానీ ఆ బాంబు పెట్టిన విదేశీ ముఠాలో ఒక్కడూ దొరకలేదు. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే టీవీ యాంకర్ ఏమందో తెలుసా? వీరుణ్ని ఎవరూ సోదా చెయ్యరట."

పదకొండింటికి సన్మానం. పతకం ఇచ్చేది ప్రధానమంత్రి.

ఏజెంట్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ వేషంలో హాల్లోకి దూరాడు. అతని కెమెరా ఫ్లాష్ పడితే ఎదుటివాడికి పది సెకన్లు కళ్ళు కనపడవు. జేబులో కూతురి ఆటోగ్రాఫ్ పుస్తకం ఉంది. ఆ పిల్ల గది గోడల మీద ఈ వీరుడి బొమ్మలే. నాన్న ఆ హాలు పక్క ఆఫీసులో గుమాస్తా అని దాని నమ్మకం. అనుమానం నిజమైతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలో అతనికి తోచలేదు.

వీరుడు వేదిక మెట్ల దగ్గరికి వచ్చాడు. కుడిచేతికి తెల్లటి కట్టు.

"సార్, మా అమ్మాయికి మీరంటే ప్రాణం. ఒక్క ఆటోగ్రాఫ్!"

వీరుడి మొహం వెలిగిపోయింది. కట్టు కట్టిన చేత్తోనే పెన్ను లాక్కుని, వయ్యారంగా సంతకం చేసి, కింద రెండు గీతలు కూడా గీసి మెట్లెక్కాడు. కనీసం మొహమైనా చిట్లించలేదు.

ఏజెంట్ ఆ సంతకం వంక చూశాడు. కాలిన చెయ్యి అంత హాయిగా రాయదు. మరి ఆ కట్టు కింద ఏముంది?

వేదిక మీద ప్రధానమంత్రి చెయ్యి చాపారు. వీరుడూ చాపాడు. మధ్యలో జానెడు దూరం. ఏజెంట్ ఫ్లాష్ నొక్కి, ఒక్క గెంతులో వేదికెక్కి, కట్టున్న మణికట్టును మెలిపెట్టాడు. కట్టులోంచి విషపు సూది జారి, వేదిక మీదే ఓ పక్కగా నిలబడ్డ చీఫ్ బూటు పక్కన పడింది.

గార్డులు మీదపడి చితకబాదారు, ఫోటోగ్రాఫర్ని.

ముఠా మొత్తం దొరికేదాకా సంగతి బయటికి పొక్కకూడదన్నాడు చీఫ్. దాంతో టీవీలో ఒకటే వార్త: తాగుబోతు ఫోటోగ్రాఫర్ వీరంగం, వీరుడికి అస్వస్థత.

"ఆ దరిద్రుడెవడో గానీ వాణ్ని వదలకూడదు నాన్నా!" అంది కూతురు సాయంత్రం, కళ్ళనీళ్ళతో. "అవునూ, నీ పెదవికేమైంది?"

"ఆఫీసు మెట్ల మీద జారిపడ్డాను."

"నువ్వింతే. పోనీ, ఆటోగ్రాఫ్ అయినా తెచ్చావా?"

ఆ పేజీ చీఫ్ బీరువాలో, అతి రహస్యం అన్న ముద్ర కింద ఉంది.

"అడిగానమ్మా," అన్నాడు ఏజెంట్. "పాపం, చెయ్యి కాలింది కదా, రాయలేనన్నాడు."