ఆటల పీరియడ్‌లో అమ్మ

"నువ్వొద్దమ్మా. జడ పిన్ని వేస్తుంది."

అక్క చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆమె కూతురు, రెండో తరగతి పిల్ల, అప్పటికే పీట లాక్కుని పిన్ని ముందు కూర్చుంది. అక్కకు సొంత చెల్లెలైన పిన్ని, ఆ పిల్ల చదివే ప్రాథమిక పాఠశాలలోనే ఆటల టీచరు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆమె అక్క దగ్గరే ఉంటోంది.

"పిన్ని వేస్తే ఎంత గెంతినా ఊడదు," అంది పిచ్చుక.

"అవును మరి. మీ పిన్నికి రాని విద్య ఏముంది?"

అక్క నవ్వుతూనే అంది. ఆ పుల్లవిరుపు చెల్లెలికి తగలకపోలేదు.

"నన్ను వేయమనలేదు, బతికాను," అన్నాడు గడ్డం గీసుకుంటున్న బావ. ఎవరూ నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. బట్టలు కుట్టడం ఆమె పని. ఆ రోజు కుట్టు సాగలేదు, దారం పదేపదే తెగింది. అన్నం తినమంటే పిచ్చుక "బాగా నమలాలని పిన్ని చెప్పింది" అంటుంది. నిద్రలో కూడా "వన్, టూ, త్రీ" అని కాళ్ళు ఆడిస్తుంది. కన్నది తను. జ్వరమొస్తే పక్కన కూర్చునేది తను. ముద్దులు మాత్రం ఈల ఊదే మనిషికి! సొంత చెల్లెలి మీద ఇంత కుళ్ళేమిటని సిగ్గుపడింది. అయినా అది తగ్గలేదు.

మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. ఆటల పీరియడ్‌లో పిచ్చుక పడింది, గడ్డం చిట్లింది, అమ్మ కావాలంటోంది.

అక్క పరుగులాంటి నడకతో బయల్దేరింది. ఆ కంగారు మధ్య ఎక్కడో చిన్న సంతోషం తొంగిచూసింది. 'ఇప్పుడు తెలుస్తుంది దానికి, పిల్లల్ని చూసుకోవడమంటే.'

గ్రౌండు పక్క మెట్ల మీద గడ్డానికి పట్టీతో పిచ్చుక కూర్చుని ఉంది. తర్వాతి పీరియడ్‌కి వచ్చిన ఒకటో తరగతి పిల్లలు సున్నం గీత మీద వరసగా నిలబడి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. వాళ్ళున్నారని కూడా అక్క చూసుకోలేదు.

"ఈల ఊదితే సరిపోతుందా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? నీ కడుపున పుట్టి ఉంటే ఇలాగే వదిలేస్తావా?"

చెల్లెలి ముఖం పాలిపోయింది.

"బల్ల మీంచి దూకేటప్పుడు చెయ్యి అందించాల్సింది. అందుకోలేకపోయాను. తప్పు నాదే అక్కా," అంది మెల్లగా. "కానీ పడ్డాక ఎత్తుకోబోతే నన్ను తోసేసింది. 'మా అమ్మేది' అని ఒకటే ఏడుపు. నేనక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను, నేను కనిపించనేలేదు దానికి. నీ మీద ఎంత కుళ్ళొచ్చిందో తెలుసా?"

"నా మీదా?" అంది అక్క.

"ఇంకెవరి మీద? నేనెంత ఆడించినా, దెబ్బ తగిలితే నువ్వే కావాలి."

అక్క మెట్టు మీద కూలబడింది.

"దారిలో నాకు సంతోషమేసిందే. నీ దగ్గరుండగా పడిందని. కూతురికి దెబ్బ తగిలితే సంతోషించాను! నేనేం తల్లిని?" అని భోరున ఏడ్చింది.

చెల్లెలు పక్కన కూర్చుని ఆమెను దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది. పిచ్చుక ఇద్దరి మధ్య దూరి ముఖాలు మార్చి మార్చి చూసింది.

"దెబ్బ నాకు కదా తగిలింది? మీరెందుకు ఏడుస్తున్నారు?"

ఇద్దరూ ఏడుపులోనే నవ్వారు.

గీత మీద పిల్లలు ఒకరినొకరు నెట్టుకోవడం మొదలుపెట్టారు. చెల్లెలు ముఖం తుడుచుకుని లేచింది.

"అక్కా, జంటలుగా పరుగెత్తించాలి. ఒక పాపకి జంట లేదు. వస్తావా?"

"నేనా? పిల్లల పక్కనా?"

"వెళ్ళమ్మా!" అంది పిచ్చుక.

అక్క చెప్పులు విడిచి, ఆ పాప చేయి పట్టుకుని నిలబడింది. ఈల మోగింది. సగం దూరమైనా పోకముందే ఆయాసం ముంచుకొచ్చింది. జంటలన్నీ వాళ్ళను దాటిపోయాయి.

"అమ్మా, ఇంకా గట్టిగా!" అని అరిచింది పిచ్చుక.

"నోరు తెరవకే, గడ్డం లాగుతుంది!" అని వెనక్కి తిరిగి కసురుతూనే అక్క పరుగెత్తింది. అవతలి గీత దగ్గర చెల్లెలు రెండు చేతులూ చాచి ఆమె కోసం నిలబడింది.