పన్నెండో ఎక్కానికి నీడలు

“పన్నెండో ఎక్కానికి నీడలెందుకండీ?”

లైబ్రరీ మేడ మీది గదిలో ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. అయినా ఆ గది తలుపు తీస్తే గుప్పుమనే సుద్దముక్కల వాసన, చెక్కిన పెన్సిళ్ల వాసన ఆమెకి ఇప్పటికీ గుర్తే.

అప్పుడామె డిగ్రీ ఆఖరి సంవత్సరం. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా చిన్నపిల్లలకి ఉచితంగా హోంవర్కు చేయించేది. సరిగ్గా వచ్చిన ప్రతి లెక్క పక్కనా ఒద్దికగా టిక్కు పెడుతుందని పిల్లలు ‘టిక్కు టీచర్’ అని పేరు పెట్టారు. అతను సైన్‌బోర్డులు రాసే పెయింటరు. చేతిరాత నేర్పుతానని తనంతట తానే వచ్చాడు. వచ్చిన వారానికే పిల్లలందరూ షాపు బోర్డుల మీద ఉన్నట్టు లావుపాటి అంకెలు వేసి, ప్రతి అంకెకీ కుడివైపు నీడ దిద్దడం మొదలుపెట్టారు.

“నీడ ఉంటే అంకె లేచి నిలబడుతుందండీ,” అన్నాడతను చెవి వెనక బ్రష్షు సర్దుకుంటూ.

“అది నిలబడక్కర్లేదు. పన్నెండు మూళ్ల దగ్గరే ఆరున్నరైపోయింది. మిగతాది ఎవరు రాస్తారు?”

“టీచర్ గారికి కోపం ముక్కు మీదే కనిపిస్తోంది. నీడ దిద్దే పనే లేదు.”

పిల్లలు గొల్లుమన్నారు. ఆమె నవ్వు ఆపుకోవడానికి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచింది.

లైబ్రేరియన్‌కిచ్చే నెలాఖరు రిపోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు రాసింది: ‘అక్షరాలకు సొగసులు దిద్దడంలోనే కాలం గడిచిపోయి హోంవర్కు పూర్తి కావడం లేదు.’ లైబ్రేరియన్ ఆ కాగితం అతనికి చూపించారట. మర్నాటి నుంచి అతను రాలేదు.

హోంవర్కు ఆరింటికల్లా అయిపోయేది. మిగిలిన అరగంట ఏం చెయ్యాలో ఎవరికీ తోచేది కాదు. “రంగుల సార్ ఎప్పుడొస్తారు టీచర్?” అని రోజుకొకరు అడిగేవారు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, ఆమె తల అటు తిరిగేది. ఎనిమిదో రోజున ఒక కూడిక తప్పయినా టిక్కు పెట్టేసింది. “టీచర్, ఇది తప్పు కదా?” అని ఆ పుస్తకం తాలూకు పిల్లే వెనక్కి తెచ్చింది.

మర్నాడు లైబ్రరీకి సెలవు. కాలేజీ అవగానే అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. కొత్తగా తెరవబోయే సైకిల్ షాపు ముందు, నిచ్చెన మీద దొరికాడు.

“మీతో మాట్లాడాలి.”

“ఒక్క నిమిషం. గీత మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది.”

ఆ నిమిషంలోనే చినుకులు మొదలయ్యాయి. రంగింకా తడిగానే ఉంది. అతను కంగారుగా అటూ ఇటూ చూస్తుండగానే ఆమె నిచ్చెన రెండు మెట్లెక్కి, తన గొడుగు విప్పి అక్షరాలకి అడ్డుపెట్టింది.

“మీరు తడుస్తున్నారండీ!”

“నేను తుడుచుకుంటే ఆరతాను. ఇవి కారిపోతే మళ్లీ రాయాలి.”

అతను గొడుగు కింద మిగిలిన గీత పూర్తి చేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఆ రిపోర్టు రాసింది మీరేగా?”

“నేనే. రాసిందాంట్లో అబద్ధం లేదు. కానీ ముందు మీతో చెప్పాల్సింది. మీరు మానేస్తారనుకోలేదు. తప్పు నాదే.”

“పర్లేదులెండి. పిల్లలెలా ఉన్నారు?”

“పిల్లలకేం, బాగానే ఉన్నారు. టైముకి అన్నీ అయిపోతున్నాయి.” ఆమె గొడుగుని అక్షరాల మీదికి ఇంకాస్త వంచింది. “నాకే ఏం బాగాలేదు.”

బ్రష్షు నుంచి రంగు చుక్క జారి అతని చొక్కా మీద పడింది. అతను చూసుకోనే లేదు.

“రేపు అయిదింటికి వస్తాను. ముందు మీ లెక్కలు. ఆఖరి పావుగంటే నాది.”

“అరగంట తీసుకోండి.”

“పిల్లల కోసమే వస్తున్నాననుకునేరు!”

“అనుకోను,” అంది ఆమె తల దించుకుని.

తడిసి ముద్దై ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“గొడుగు పట్టుకెళ్లావు కదే?”

“నిచ్చెనకి కట్టేసి వచ్చానమ్మా. రంగు ఆరాక ఆయన తెచ్చిస్తానన్నారు.”

“ఏ ఆయన?”

ఆమె చెప్పింది. రిపోర్టు సంగతితో సహా ఏదీ దాచుకోలేదు. అమ్మ తువ్వాలుతో కూతురి తల తుడుస్తూ అంతా విన్నది.

“అయితే గొడుగు గుమ్మంలోనే అందుకుని పంపించెయ్యకు. లోపలికి పిలిచి కూర్చోబెట్టు. నేనూ చూడాలిగా,” అంది.