కింద ఉన్న ముఖం

మా ఇల్లు కొండలోనే ఉంది. ఈ లోయలో అందరి ఇళ్ళూ అంతే, మెత్తటి రాయిని తొలుచుకుంటూ లోపలికి పోయినవే. చలికాలంలో మంచు గుమ్మం దాకా పేరుకుంటే తలుపు బిగించి, నేలలో తవ్విన నిప్పుల గుంట చుట్టూ కూర్చుంటాం. పగలైనా దీపం ఉండాల్సిందే. పొగ, గొర్రె ఉన్ని, తడి రాయి... ఆ వాసన మా ఒంటికే పట్టేసి ఉంటుంది కాబట్టి మాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడుకుని పైకప్పు మీది ఉలి గీతలు చూస్తున్నాను. పక్కన నా కొడుకు. పుట్టి వారం కాలేదు. ముందురోజు నుంచి పాలు తాగడం లేదు. రొమ్ము నోటికందిస్తే పెదాల మధ్య అలాగే ఉండిపోతోంది. ఏడవడం కూడా మానేశాడు.

నేనూ ఏడవలేదు. వీడికి ముందు ఇద్దరు ఇలాగే పాలు మానేసి, పేరు పెట్టకముందే పోయారు. మొదటిసారి గోడకు తల బాదుకున్నాను. రెండోసారి కొన్నాళ్ళు ముద్ద దిగలేదు. వీడి దగ్గరకొచ్చేసరికి లోపల ఏమీ మిగల్లేదు. వీడి పొత్తిగుడ్డలు ఉతికి ఎవరికిద్దామా అని కూడా ఆలోచించాను. కన్నతల్లి అలా ఆలోచించినందుకు సిగ్గుపడాలి. ఆ సిగ్గు కూడా రాలేదు.

ఇద్దర్నీ తీసుకుపోయింది గిల్లో అని మా అత్త నమ్మకం. అత్తదేముంది, లోయలో అందరి నమ్మకమూ అదే. పిల్లల్ని కనకుండానే చచ్చిపోయిన ఆడది, ఆ కడుపుమంటతో పురిటి ఇళ్ళ చుట్టూ తిరుగుతుంది. అందుకే గుమ్మం మీద సిలువ చెక్కించాం. మంచం కోడుకు ఇత్తడి బిళ్ళ కట్టాం. దాని మీద గుర్రమెక్కిన సిసిన్నియోస్ పునీతుడు ఉంటాడు. గుర్రం కాళ్ళ కింద, ఆయన ఈటె మొన దగ్గర, జుట్టు విరబోసుకుని గిల్లో పడి ఉంటుంది.

మా ఆయన బర్దాస్ సరిహద్దు కావలికి పోయాడు. ఇంట్లో అత్త థియోక్తి, నేను, తోడికోడలు సోఫ్రోనియా, ఆమె కూతురు. ఆ పిల్ల బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. సోఫ్రోనియా దాన్ని నా కంట పడకుండా తిప్పుకునేది. నాకేం కోపం లేదు, ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

తలుపు తోసుకుని అత్త వచ్చింది. తలగుడ్డ నిండా మంచు. పిడికిలిలో చిన్న గుడ్డ మూట.

ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. మా ఆడవాళ్ళ ఆఖరి మందు చర్చి గోడ మీద ఉంటుంది. బిళ్ళ మీదున్న బొమ్మే అక్కడ సున్నంతో ఉబ్బెత్తుగా పోసి, రంగు వేసి ఉంటుంది. ఆ పునీతుడి మీంచి కాస్త రంగు, సున్నం గీకి నీళ్ళలో కలిపి తాగిస్తాం. కళ్ళ దగ్గరిదైతే మరీ మంచిది. చర్చి గురువుగారు తిడతారు గానీ, ఆయన భార్య కూడా గీకినదే. బాలింతలు నలభై రోజుల దాకా చర్చి గడప తొక్కకూడదు కాబట్టి అత్త వెళ్ళింది. అత్త కళ్ళకి పొర కమ్మి చాలా కాలమైంది, మసగ్గా ఆకారాలు తప్ప ఆనవు. దారి కాళ్ళకి తెలుసు, మిగతాది చేతులకి తెలుసు.

"లే అంథూసా. ముందు నువ్వు తాగు, పాలలోకి దిగాలి" అంది.

గిన్నె నోటికి పెట్టింది. గరగరలాడింది. తడి గోడ నాకినట్టుంది. మిగిలిన దాంట్లో వేలు ముంచి పిల్లాడి నాలుక మీద రాసింది. మరోసారి రాసింది. నేను మళ్ళీ పైకప్పు చూస్తూ పడుకున్నాను.

కాసేపటికి రొమ్ము చురుక్కుమంది. చూస్తే వాడు పట్టుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయేలా లాగుతున్నాడు. గుటకలు వినిపిస్తున్నాయి.

"తాగుతున్నాడత్తా" అన్నాను.

అత్త సిలువ గుర్తు వేసుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది. సోఫ్రోనియా తన గది తెర తొలగించుకుని నవ్వుతూ వచ్చింది, చంకలో కూతురు.

"ఇంకా ఏం మిగిలిందని గీకావత్తా? పునీతుడి మొహం మీ అమ్మల కాలంలోనే అయిపోయింది. ఆయన గుర్రం కళ్ళు మొన్న దీనికి పళ్ళొచ్చినప్పుడు నేనే తెచ్చాను."

"వెతికేవాళ్ళకి దొరుకుతుందే. కళ్ళున్నాయని మీకు గీర. నేను చేత్తో తడిమి తడిమి పట్టుకున్నా. ఒక మొహం... నున్నగా, గీతన్నది లేకుండా. రెండు కళ్ళూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవ్వరూ కత్తి పెట్టలేదు చూడు, నా మనవడి అదృష్టం."

సోఫ్రోనియా నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడ?"

"ఆ గోడకే. కింద. మోకాళ్ళ మీద కూర్చుంటే అందింది."

"కిందా?"

"పొడుగు జుట్టు కూడా తగిలింది. మరియమ్మ తల్లే అనుకున్నా."

నిప్పుల్లో పుల్ల ఒకటి చిట్లింది. ఆ గోడ మీద మేం ఏ కాలంలోనూ కత్తి పెట్టని ముఖం ఒక్కటే ఉంది. గుర్రం కాళ్ళ కింద ఉన్నది.

అత్తకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తన వేళ్ళని చీరేసుకునేలా గౌనుకి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"కక్కించు. వేలు పెట్టి కక్కించు వాణ్ణి" అంది సోఫ్రోనియా, గొంతు బాగా తగ్గించి. "నువ్వూ కక్కు. నేను గురువుగార్ని పిలుచుకొస్తా."

"తాగుతున్నాడక్కా."

"తాగించేదెవరో తెలుస్తోందా నీకు?"

తెలుస్తోంది. అయినా వాడు తాగుతున్నాడు. నాకు అంతకు మించి ఏమీ తోచలేదు.

సోఫ్రోనియా మంచం కోడు నుంచి ఇత్తడి బిళ్ళ తెంపి వాడి గుండె మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే వాడి నోరు వదులైంది. పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి. మెడ వాలిపోయింది. పెదాలు నీలంగా... ఆ నీలం నాకు తెలుసు. రెండుసార్లు చూశాను.

బిళ్ళ తీసేశాను. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక గుటక. ఇంకో గుటక.

బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. "నీ పిల్లకి కట్టుకో."

ఆమె నా వైపు చూసిన చూపు గుర్తుంది. తిట్టలేదు. నెమ్మదిగా వెనక్కి నడిచి తన గదిలోకి పోయింది. దీపం నూనెతో గుమ్మం రాయి మీద సిలువ గుర్తులు రాస్తున్న చప్పుడు వినిపించింది. వేలు రాయి మీద... రాస్తూనే ఉంది.

బయట వెలుగు పోతోంది. వాడు నిద్రపోయాడు. మంచం నడుమ పడుకోబెట్టి, రెండు పక్కలా దిండ్లు పెట్టి లేచాను. ఆకలేసింది. ఎన్నాళ్ళకో ఆకలేసింది. నిప్పుల గుంట దగ్గర కూర్చుని బార్లీ జావ తాగుతున్నాను. అత్త గుంటకి అవతలి పక్కన, మంచం వైపు తిరిగి కూర్చుంది. పూసలు లెక్కపెట్టుకునే వేళ్ళు ఊరికే కదులుతున్నాయి.

అప్పుడు వాసన వచ్చింది. తడి సున్నం వాసన. ఆ వాసన మా ఇంటిది కాదు.

అత్త వేళ్ళు ఆగాయి. మంచం వైపు తల ఎత్తి, మెల్లగా అంది:

"తల కింద చెయ్యి పెట్టు అంథూసా. అలా పట్టుకుంటే మెడ జారుతుంది."

నా చేతుల్లో జావ గిన్నె ఉంది.

నా వెనక గుటకలు... ఒకటి. ఇంకొకటి. తీరిగ్గా, కడుపు నిండుతున్న పిల్లాడు తాగినట్టు. మధ్యమధ్య ఊపిరి. ఆ ఊపిరి చిన్న పిల్లాడిది కాదు.

"ఆఁ... అలా" అంది అత్త. "జుట్టు వెనక్కి వేసుకో, వాడి కళ్ళలో పడుతోంది."

నా జుట్టు తలగుడ్డలో ఉంది.

తెర కదిలింది. సోఫ్రోనియా మొహం సగం కనిపించింది. ఆమె నన్ను చూసింది. నా భుజం మీదుగా మంచాన్ని చూసింది. కేక వేస్తుందనుకున్నాను. వేయలేదు. చెయ్యి చాపింది. అరచేతిలో ఇత్తడి బిళ్ళ.

"విసురు" అంది. గొంతు లేదు, పెదాలే కదిలాయి. "అంథూసా... విసురు."

విసిరితే పోతుంది. నాకు అనుమానం లేదు. పోతే గుటకలు కూడా ఆగుతాయి. దాని గురించీ అనుమానం లేదు.

లేచి వెళ్ళి ఆమె వేళ్ళు బిళ్ళ మీద మూసేశాను. తెర సర్దాను. గిన్నెలో మిగిలిన జావ తాగేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. అత్త చెబుతూనే ఉంది, ఇటు తిప్పు, వీపు తట్టు అని. ఎవరో వీపు తట్టారు. వాడు తేన్చాడు. నాకు ఏడుపొచ్చింది, ఎంత కాలానికో. భయంతో వచ్చిందని అబద్ధం చెప్పను. బిడ్డ బతుకుతాడన్న సంతోషంతో వచ్చింది.

పొద్దున్నే సోఫ్రోనియా మంచులోనే కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది. మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు.

నా కొడుక్కి ఇప్పుడు గొర్రెలు కాసే వయసు. ఎప్పుడూ జ్వరం కూడా ఎరగడు. మంచి పిల్లాడు, మాట వింటాడు. పొద్దున మందతో బయల్దేరే ముందు గుమ్మంలో నిలబడి "అమ్మా, వెళ్ళొస్తా" అంటాడు. అనేటప్పుడు నా వైపు చూడడు. నా పక్కన, కాస్త పైకి చూస్తాడు. నేను జవాబు చెప్పడం మానేశాను. వాడు కాసేపు వింటాడు. సరేనని తల ఊపి వెళ్ళిపోతాడు.