కారు కళ్లకు కుంకుమ

"మా కారు కింద ఏమన్నా పారేసుకున్నారా?"

అనుపమ వంగి అడిగింది. కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ల మనిషి తువాలు పరుచుకుని వెల్లకిలా పడుకుని, కర్రకు కట్టిన చిన్న అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, ఫోను లైటు వేసి చూస్తున్నాడు.

"బ్యాటరీ అంతా కిందే ఉంటాది మేడం," అన్నాడు చివరికి. "రాయి తగిలి సొట్ట పడి ఉంటే పైనుంచి తెలీదు. పైన మెరుపు చూసి నేను ఒకసారి మునిగినాను."

"మా నాయన అమ్మే వస్తువులో సొట్ట ఉండదు."

"మీ నాయన ఎవరో రాయికి తెలీదు గదా."

అనుపమకు ఒళ్లు మండింది. ఆత్మకూరు బజారులో రామనారాయణ నూనె కొట్టు అంటే కల్తీ లేని కొట్టని పేరు. ఈ విదేశీ ఎలక్ట్రిక్ కారు కొనమని ఆయన్ను పట్టుబట్టి ఒప్పించింది అనుపమే. కరెంటు బండి నడిదారిలో ఆగిపోతుందని బజారంతా నవ్వినా, కూతురి మాట మీద కొన్నాడు. పోయిన ఏడు ఆయనకు నడుము ఆపరేషన్ అయింది. ఈ కారులోకి అంత కిందికి వంగి కూర్చోవడం, మళ్లీ లేవడం ఆయన వల్ల కావడం లేదు. అందుకే అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు ఎవరో వచ్చి ఇందులో లోపం ఉందంటే పోయేది బేరం కాదు, నాయన పేరు. అదీ తన వల్ల.

ఆ మనిషి బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు. పేరు మాధవ్. ఉదయగిరిలో పెళ్లిళ్లకు కార్లు బాడుగకు తిప్పుతాడు. చెవి మీద ఒక గడ్డిపరక అంటుకుని ఉంది. అనుపమ నవ్వు ఆపుకుంది. గడ్డిపరక సంగతి చెప్పలేదు.

మాధవ్ టైర్లు తడిమాడు. ఈ కార్ల బరువుకు అవి తొందరగా అరుగుతాయన్నాడు. సర్వీసు కాగితాలు చూశాడు. బ్యాటరీ వారంటీ మొదటి ఓనరుకేనా, కొన్నవాడికి కూడా వర్తిస్తుందా అని కంపెనీకి ఫోను చేసి అడిగాడు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే కేబులు డిక్కీలో ఉందో లేదో చూశాడు.

"మీ ఫోన్లో కారు యాప్ ఉండాది గదా మేడం? అమ్మినాక మీ అకౌంటు తీసెయ్యాల. లేకపోతే కారు యాడుండేదీ మీకు కనపడతాది. తలుపులు కూడా తియ్యొచ్చు, హారన్ కూడా కొట్టొచ్చు."

"మీరు యాడ తిరిగితే నాకెందుకు?"

"అందుకే తీసెయ్యమంటున్నా."

వరండాలో కూర్చున్న రామనారాయణ మీసాల్లో నవ్వాడు. "అన్నీ చూసినావు గదా అబ్బాయా. ఏమంటావు?"

"స్క్రీను మీద అంకెలు బాగుండాయి సార్. దారి మీద కూడా బాగుండాల. సీతారామపురం దాకా ఎక్కి దిగుదాం. బ్యాటరీ బాగా తగ్గినాక ఉదయగిరిలో ఫాస్ట్ చార్జరు పెట్టి చూద్దాం. అది పట్టకపోతే నాకు పనికిరాదు. పొద్దున ఒక పెళ్లి, సాయంత్రం ఒక పెళ్లి ఉంటే రాత్రంతా చార్జింగ్ పెట్టుకుని కూర్చోలేను."

"ఫాస్ట్ చార్జరు మేము ఎప్పుడూ వాడలేదు," అంది అనుపమ. "ఇంట్లోనే పెట్టుకుంటాం."

మాధవ్ ఆమె వైపు ఒక క్షణం ఎక్కువగా చూశాడు. ఆ చూపులో ఉన్నది అనుమానమో మరొకటో ఆమెకు అంతు చిక్కలేదు.

కూతురిని కొత్త మనిషితో పంపలేక రామనారాయణ నడుముకు బెల్టు కట్టుకుని, నడిపే మాధవ్ పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన తల్లి కోటమ్మ కూడా కుంకుమ భరిణె కొంగున ముడివేసుకుని బయలుదేరింది. "అమ్మేసేదే గదా. ఆఖరుసారి నేనూ తిరిగొస్తా," అంది.

ఉదయగిరి దాటి పైకి ఎక్కుతున్నప్పుడు వాన పట్టుకుంది. ఏసీ, వైపర్లు, లైట్లు, పైగా కొండ ఎక్కుడు. స్క్రీను మీద బ్యాటరీ అంకె చూస్తుండగానే తగ్గుతోంది. దారిలో ఒక్క బస్సు ఎదురు రాలేదు. అనుపమ వెనక సీట్లో మెడ సాచి ఆ అంకెనే చూస్తోంది. నాయన చెయ్యి తలుపు పిడిని పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

ఒక గుంత దగ్గర మాధవ్ కారును దాదాపు ఆపేసి, మెల్లగా దించి, మెల్లగా ఎక్కించాడు. తరువాతి గుంత దగ్గరా అంతే. ఆయన నొప్పిని ఇతను గమనించాడన్న మాట. అనుపమ అద్దంలోకి చూసింది. అద్దంలో రెండు కళ్లు ఇటే చూస్తున్నాయి. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"దారి చూడు నాయనా," అంది కోటమ్మ. "వెనక చూసేదానికి ఏముండాది, ముసల్దాన్ని నేను."

కొండ దిగేటప్పుడు బ్యాటరీ కాస్త పుంజుకుంది. అయినా ఉదయగిరి బయట పెట్రోలు బంకులో ఉన్న చార్జరు దగ్గరికి చేరేసరికి ఎర్ర గీతకు దగ్గరలోనే ఉంది. వాళ్ల ముందే ఒక కారు చార్జింగ్ ముగించుకుని వెళ్లింది. మాధవ్ లావుపాటి కేబులు తెచ్చి తగిలించాడు. మిషను టక్కుమంది. పచ్చలైటు వెలిగి, ఎర్రబడి, ఆగిపోయింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రలైటే.

వాన రేకుల మీద దడదడ కొడుతోంది. మాధవ్ కేబులు చేత్తో పట్టుకుని అనుపమ వైపు తిరిగాడు.

"ఎప్పుడూ వాడలేదన్నారు. పనిచెయ్యదని తెలిసే వాడలేదా?"

"మళ్లీ అనండి ఆ మాట."

"ముందు కారుకు పట్టింది. దీనికి పట్టలేదు. నేను ఏమనుకోవాల?"

"రేటు తగ్గించేదానికి మీరే ఏమన్నా చేసినారని నేననుకుంటే?"

కారులో నుంచి రామనారాయణ దిగాలని చూసి, సగం లేచి ఆగిపోయాడు. నడుము పట్టేసింది. మొహం పాలిపోయింది. అనుపమ పరిగెత్తుకెళ్లి భుజం పట్టుకుంది. ఇంటికి పోవడానికి చార్జి లేదు, నాయన ఈ సీట్లో ఇంక కూర్చోలేడు. ఇదంతా తను కొనిపించిన కారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషికి కనపడకూడదని కొండ వైపు మొహం తిప్పుకుంది.

"ఎందుకు పోట్లాడతారు?" అంటూ కోటమ్మ అవతలి తలుపు తీసుకుని దిగింది. "శుక్రవారం నాటి బొట్టు ఆరిపోయుంటాది. పెడతా ఉండండి, పలుకుతాది."

ఆమె భరిణె మూత తీసి, తడి వేలు కుంకుమలో అద్ది, చార్జింగ్ మూత కింద ఉన్న రెండు రంధ్రాల వైపు చెయ్యి చాచింది.

మాధవ్ ఆ ముసలి చేతిని మెల్లగా, గట్టిగా పట్టుకున్నాడు.

"అవ్వా, ఆగు. ఇందులో వేలు పెట్టగూడదు. రోజూ ఇక్కడే పెడతావా బొట్టు?"

"రోజూ కాదు నాయనా, శుక్రవారం శుక్రవారం. పసుపు తడిపి పెట్టి, పైన కుంకుమ. పైన గుండ్రంగా ఉండేది దాని నోరు. తీగ అందులో పెడతారు, తింటాది. కింద రెండూ కళ్లు. వాటికి రబ్బరు మూత వేసి చీకట్లో పెట్టినారు పాపం. మూత తీసి బొట్టు పెడతా."

మాధవ్ ఫోను లైటు వేశాడు. ఇంట్లో పెట్టే చార్జింగ్ పై రంధ్రాల్లోనే పడుతుంది. ఫాస్ట్ చార్జింగ్‌కు పనికొచ్చే కింది రెండు రంధ్రాల్లో పసుపు, కుంకుమ ముద్దలై ఎండిపోయి ఉన్నాయి.

పూజ చేసిన మనసులో దోషం ఏముంది? అయినా దాని వల్ల పని చెడింది. ఈ రెంటినీ కలిపి ఎట్లా అర్థం చేసుకోవాలో ఆ క్షణాన అక్కడ ఎవరికీ తెలియలేదు. కోటమ్మ భరిణె మూత పెట్టుకుని, "నా వల్లనా?" అంది చిన్నగా.

"నీ వల్ల కాదమ్మా, చూసుకోకపోయిన నా వల్ల," అన్నాడు రామనారాయణ పళ్లు బిగించి. "అబ్బాయా, తప్పు నా ఇంటిదే. బాగు చేయించి చూపిస్తా. అప్పుడూ పట్టకపోతే నువ్వు కొనొద్దు. లోపం ఉండాదని బజారులో నేనే చెప్తా."

మాధవ్ తల వంచుకున్నాడు. అనుపమ దగ్గరికి వచ్చి, "మేడం, ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"నేనూ ఒకటి అన్నా గదా," అంది ఆమె, ఇంకా కొండ వైపే చూస్తూ. తరువాత ఇటు తిరిగి అంది: "మీ చెవి మీద గడ్డిపరక ఉండాది. పొద్దున్నుంచి."

మాధవ్ ఇల్లు దగ్గరే. మిగిలిన చార్జితో మెల్లగా అక్కడికి చేరారు. అతని తల్లి చెంచులక్ష్మి రామనారాయణకు మంచం వాల్చి, నడుముకు వేడినీళ్ల కాపడానికి గుడ్డ తెచ్చింది. మాధవ్ డిక్కీలోని కేబులు తీసి, పై రంధ్రాల్లో తగిలించి, స్విచ్ మీద వేలు పెట్టి ఆగాడు. ఇది కూడా పట్టకపోతే? అనుపమ లైటు దగ్గరికి వంగింది.

పచ్చలైటు వెలిగింది. వెలిగే ఉంది.

సాయంత్రం దాకా వాన తగ్గలేదు. అనుపమ, మాధవ్ వసారాలో ఆ పచ్చలైటుకు కాపలా కూర్చున్నారు. పెళ్లి బాడుగల్లో చూసిన పెళ్లికొడుకుల కథలు అతను చెబుతుంటే, లోపల నాయన నిద్ర చెడకుండా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నెల్లూరు నుంచి కంపెనీ మనిషి వచ్చి కింది రంధ్రాలు శుభ్రం చేసి, కొలతలు చూసి, బాగుందన్నాడు. మాధవ్ మళ్లీ ఉదయగిరి బంకుకు తీసుకుపోయి పెట్టాడు. పట్టింది. కారు తన పేరు మీదికి మార్చుకున్న రోజు అతను అన్నీ మరోసారి చూసుకున్నాడు. టైర్లు, కాగితాలు, కేబులు, రెండో తాళం. యాప్ మాట మాత్రం ఎత్తలేదు. అనుపమా ఎత్తలేదు.

ఆ తరువాత ఆమె ఫోన్లో ఆ కారు ఊళ్లు తిరిగింది. ఒకరోజు వరికుంటపాడు పెళ్లి, ఒకరోజు కొండాపురం పెళ్లి. శుక్రవారం మాత్రం ఆత్మకూరుకు వచ్చింది. వాళ్ల వీధి చివర చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి పోయింది. పై శుక్రవారమూ అంతే. వస్తాడు, లోపలికి రాడు. ఆమె కిటికీ దగ్గరికి పోతుంది, పిలవదు. ఎవరో ఒకరు నోరు తెరవకపోతే ఇంకో శుక్రవారం అతను రాకపోవచ్చు. ఆ భయం ఆమెకు వారమంతా నిద్ర పట్టనివ్వలేదు.

మూడో శుక్రవారం కారు వచ్చి ఆగింది. అనుపమ ఫోను చేతిలోకి తీసుకుంది. యాప్ తెరిచి నొక్కింది.

వీధి చివర హారన్ గట్టిగా మోగింది.

రామనారాయణ చేతికర్రతో గడపలోకి వచ్చాడు. అనుపమ ఆయన వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అప్పటికే మాధవ్ కారు దిగి, దొరికిపోయినవాడిలా నడిచి వస్తున్నాడు.

"ఏంది అబ్బాయా, పెళ్లికారు తెచ్చినావు. మా వీధిలో పెళ్లేమీ లేదే?"

"ఉండాదేమో అడుగుదామనే మూడు వారాలుగా వస్తుండా సార్. ధైర్యం చాల్లేదు."

రామనారాయణ కూతురి వైపు చూశాడు. ఆమె ఫోను వెనక్కి దాచుకుంది.

"అన్నీ చూసుకునే మనిషి గదా మీరు," అంది. "నా అకౌంటు తీసెయ్యాలని చూసుకోలేదా?"

"చూసుకున్నా. తియ్యాలనిపించలేదు. నేను యాడుండానో ఒకరికి తెలిస్తే బాగుంటాదనిపించింది."

అనుపమ తలుపుకు అడ్డం నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. రామనారాయణ అది చూశాడు. కర్ర గోడకు ఆనించి, "మీ అమ్మను తీసుకురా. పెద్దోళ్లం మాట్లాడుకోవాల," అన్నాడు.

కోటమ్మ లోపలినుంచి భరిణె పట్టుకుని వచ్చింది. శుక్రవారం గదా. తెల్లకారు వీధిలో మెరుస్తోంది. మాధవ్ ఒక్క క్షణం కంగారుగా కారు వైపు చూశాడు.

"దాని జోలికి పోన్లే," అంది కోటమ్మ. "యాడ పెట్టాలో ఇప్పుడు తెలిసింది."

వేలు కుంకుమలో అద్ది, మునివేళ్ల మీద నిక్కి, అతని నుదుట బొట్టు పెట్టింది.