నాపరాళ్ల షెడ్డులో గొంతు

బేతంచెర్ల రోడ్డులో మూతబడిన నాపరాళ్ల పాలిష్ షెడ్డు ఒకటుంది. పొద్దు గుంకినాక అటు పోవద్దంటారు. లోపల్నుంచి ఎవరో నీళ్లడుగుతారట… చూస్తే మనిషి ఉండడట. మిషను కింద పడి చచ్చిపోయిన కూలీ అని కొందరు, ఉత్త గాలి అని కొందరు.

శివలీలకు ఇది తెలియక కాదు. భయపడే ఓపిక లేదామెకు. సరిహద్దులో యుద్ధం మొదలైన వారానికి, శత్రువులకు పట్టుబడిన జవాన్లలో ఆమె భర్త వీరభద్ర ఉన్నాడని ఫోనొచ్చింది. ఆ తర్వాత కబురు లేదు. అప్పట్నుంచి ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలి కాలేదు. పిల్లలకు వండుతోంది. డోన్‌లో బట్టల కొట్టుకు పోతోంది, వస్తోంది.

ఆ రోజు చీకటి పడుతుండగా బస్సు దిగి, షెడ్డు పక్కగా నడుస్తోంది.

“నీళ్లు…”

ఆగింది.

“గుక్కెడు… నీళ్లు…”

ఎండిపోయిన మగ గొంతు. ఇంకెవరైనా పరుగెత్తేవాళ్లే. ఆమె సంచిలోంచి సీసా తీసి లోపలికి నడిచింది.

లోపల సెల్‌ఫోన్ వెలుగు. ఒక మనిషిని చేతులు పైకి కట్టి నిలబెట్టారు. మాసిన గడ్డం, పగిలిన పెదాలు. ఎదురుగా ఆమె మరిది శ్రీనివాసులు, అతని స్నేహితుడు ముబీన్.

“వదినా! నువ్వేల వస్తివి ఈడికి?”

“ఎవురప్పా ఈయన?”

“గూఢచారి. రైలు స్టేషన్ కాడ తిరుగుతాంటే పట్టుకొస్తిమి. నిన్నట్నుంచి అడుగుతాండాం. నిద్ర పోనీలే, నీళ్లియ్యలే. నోరే తెరవడు. వీని మనుషులు దొరికితే వాళ్లనిచ్చి అన్నను వదలమని అడగొచ్చు గదా!”

“ఉర్దూలో గూడా అడిగితి వదినా,” అన్నాడు ముబీన్. “నా ఉర్దూ కర్నూలు దాటితే చెల్లదేమో.”

“ఇప్పుడే నీళ్లడిగె గదా.”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

“వీడా? నిన్నట్నుంచి ఒక్క మాట అన్లే.”

కట్టేసిన మనిషి నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. గరగరమని శబ్దం తప్ప మాట రాలేదు… మళ్లీ ప్రయత్నించాడు. అదే శబ్దం.

“మూగోడప్పా…” అంది శివలీల.

“నటన! ఇంకొక్క రాత్రి వదినా. అన్న కోసరమే గదా!”

ఆమె కదల్లేదు. ఒకవేళ నిజంగా వీడికి తెలిసుంటే… ఇంకొక్క రాత్రే కదా… ఇంటికాడ పిల్లలు నాన్న ఎప్పుడొస్తాడని అడగడం కూడా మానేశారు.

“ఆడ మీ అన్నను గూడా ఎవురి తమ్ముడో ఇట్లనే అడుగుతాంటాడు శీనా.”

గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

సీసా ఆ మనిషి పెదాలకు పెట్టింది. గటగటా తాగేశాడు. ముబీన్ కట్లు విప్పాడు. మనిషి కూలబడ్డాడు.

అప్పుడు… వాళ్ల వెనక, ఎవరూ లేని మూల నుంచి—

“లీలా… నీళ్లు…”

ఈసారి ముగ్గురూ విన్నారు.

“అన్నా!” అన్నాడు శ్రీనివాసులు. అతని చేతిలోంచి ఫోను జారిపడింది.

ఆ చీకట్లో శివలీల సీసాను తలకిందులు చేసి అరచేతిలో దులిపింది. చుక్క కూడా రాలలేదు.